ద్వారకానగర్‌లో క్యాసెట్ల డిజిటైజింగ్: 576 గీతలు అడిగి తీసుకోవలసిందే

1990లలో దూరదర్శన్‌లో వచ్చిన ఒక కూచిపూడి ప్రదర్శనను మా నాన్నగారు వీసీఆర్‌లో రికార్డు చేసి దాచుకున్నారు. విశాఖ సముద్రపు గాలికి బీరువాలోని బట్టలకే బూజు పట్టే ఇంట్లో ఆ వీహెచ్ఎస్ క్యాసెట్ ఇన్నేళ్లు నిలవడమే విశేషం కనుక, ఇక ఆలస్యం చేయకుండా ద్వారకానగర్‌లోని ఒక వీడియో దుకాణంలో ఇచ్చాను. వారు టేపు శుభ్రం చేసిన తీరుకు వంక పెట్టలేను. పేచీ అంతా చేతికిచ్చిన ఫైలుతోనే.

అది 640×480లో ఉంది, అంటే నిలువునా 480 గీతలే. దూరదర్శన్ నాడు వాడిన పాల్ (PAL) అనే టీవీ ప్రసార పద్ధతిలో తెరపై కనిపించే గీతలు 576. అవి సరి, బేసి వరుసలుగా విడిపోయి సెకనుకు 50 ఫీల్డులుగా, అంటే సగం ఫ్రేములుగా, వచ్చేవి కనుక, ఒకే ఫ్రేములోని రెండు సగాలూ వేర్వేరు క్షణాలవి. వాటిని విడదీయకుండానే 576 గీతలను 480కి కుదించడంతో, నర్తకి పాదం కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలా విడివిడిగా ఉండవలసిన అంచు అలుక్కుపోయింది. పళ్లు విడిగా ఉంటే తర్వాతైనా సరిచేసుకోవచ్చు. ఒకసారి అలికేశాక చేయగలిగేదేమీ లేదు.

“వీహెచ్ఎస్‌లో అంత వివరం ఎక్కడుందండీ?” అన్నారు యజమాని. అడ్డంగా చూస్తే ఆయన మాట నిజమే, అక్కడ వివరం తక్కువే. నిలువునా మాత్రం 576 గీతలూ టేపు మీద ఉన్నవే. అదనపు రుసుము అడగకుండా మళ్లీ క్యాప్చర్ చేసివ్వడం ఆయన మర్యాద.

రెండోసారి 720×576లో, ఇంటర్‌లేస్ (ఆ సరి, బేసి వరుసల అమరిక) చెరపకుండా, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీ కోడెక్‌లో ఇచ్చారు. గంటకు సుమారు 30 గిగాబైట్లు కావడంతో హార్డ్ డిస్క్ నేనే మోసుకెళ్లాను. ఇంట్లో ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే (డీఇంటర్‌లేస్ చేసే) యాడిఫ్ అనే సాధనంతో సెకనుకు 25 ఫ్రేములుగా మారిస్తే సగం కదలిక పోయి అడుగులు తెగితెగి కనిపించాయి. అదే పని చేసే క్యూటీజీఎంసీ అనే మరో సాధనానికి కంప్యూటర్‌ను రాత్రంతా వదిలేయవలసి వచ్చినా, 50 ఫ్రేములతో జతుల వేగం నాడు టీవీలో చూసినట్టే తిరిగి వచ్చింది. (మొదట ఫీల్డుల వరుస తారుమారుగా పెట్టి, పాదం ముందుకూ వెనక్కూ వణుకుతుంటే టేపునే అనుమానించిన తప్పు నాది.)

అదే క్యాసెట్ చివర ఒక సినిమా ముక్క ఉంది. సినిమా ఫ్రేము ఒక్కటే రెండు ఫీల్డులుగా ప్రసారమైంది కనుక, దాన్ని డీఇంటర్‌లేస్ చేయకుండా రెంటినీ కలిపితేనే పూర్తి స్పష్టత దక్కింది.

మిగిలిన ఆరు క్యాసెట్లూ అక్కడే ఇచ్చాను. రసీదులో ‘ఎంపీ4’ అని మాత్రమే రాస్తే, పెన్ను అడిగి దాని కింద ‘720×576, ఇంటర్‌లేస్డ్’ అని నేనే రాసి, యజమాని చేత సంతకం పెట్టించుకున్నాను.