బ్రాడీపేటలో కోన్ల క్లాసు: మేడమ్ కోసం వెళ్లండి, మెటీరియల్ కోసం వద్దు

సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ రాసేవాళ్ల కోసం గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ ఆదివారాలు స్పెషల్ క్లాసులు పెడుతోంది. పేరు రాయను, ఆ లైన్లలో తిరిగేవాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. మొన్నటి టాపిక్ ఉభయచరాల రెటీనాలో (కంటి వెనక పొరలో) వెలుతురు పట్టే కణాలైన కోన్లు వెలుతురుకి ఎలా స్పందిస్తాయన్నది. ఫీజు 700, స్పైరల్ బైండింగ్ మెటీరియల్ అందులోనే. ఏసీ ఉందన్నారు, ఉంది, గోడకి ఉంది.

ముందు బాగున్న సంగతి. శంకువులు (కోన్లు) రంగులు చూస్తాయి, దండాలు (రాడ్లు) మసక వెలుతురులో చూస్తాయి అని ఇంటర్ నుంచీ బట్టీ పట్టిన బ్యాచ్ కదా మనది, మేడమ్ దాని జోలికే పోకుండా చీకట్లో కోన్ ఏం చేస్తుంటుందో చెప్పమన్నారు. ఖాళీగా ఉంటుందని సగం క్లాసు. కాదు, చీకట్లోనే దానికి ఊపిరాడనంత పని. లోపల సంకేతాలు మోసే సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు నిండుగా ఉంటుంది కాబట్టి కణం పొరలోని ఛానెళ్లు (అయాన్లు వచ్చే దారులు) తెరుచుకుని ఉంటాయి, సోడియం, కాల్షియం లోపలికి వస్తూనే ఉంటాయి, కణం సుమారు మైనస్ 40 మిల్లీవోల్టుల దగ్గర ఉండి తర్వాతి కణాలకి కబురందించే గ్లూటమేట్ వదులుతూనే ఉంటుంది. ఫొటాన్ (వెలుతురు కణం) పడగానే ఆప్సిన్ ప్రొటీన్‌లో ఇమిడి ఉన్న రెటినాల్ ఆకారం మారుతుంది, ఆప్సిన్ ట్రాన్స్‌డ్యూసిన్ అనే ఇంకో ప్రొటీన్‌ని లేపుతుంది, అది ఫాస్ఫోడైఎస్టరేజ్‌ని లేపుతుంది, ఆ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీని విరగ్గొడుతుంది, ఛానెళ్లు మూసుకుని వోల్టేజి ఇంకా కిందికి పోతుంది, గ్లూటమేట్ తగ్గుతుంది. "చీకట్లో కుళాయి తిప్పి ఉంటుంది, వెలుతురొస్తే కట్టేస్తారు" అన్నారావిడ, వెనక బెంచీలకి కూడా ఎక్కేసింది.

ఇంతమంది శాస్త్రవేత్తలు సాలమాండర్ (తోక ఉండే ఉభయచరం) వెంటే ఎందుకు పడ్డారో కూడా బాగా చెప్పారు. దాని కణాలు పెద్దవి, రెటీనాని బయటికి తీసి రింగర్ ద్రావణంలో (శరీర ద్రవాన్ని పోలిన ఉప్పునీటిలో) ఉంచితే గంటల తరబడి పనిచేస్తుంది, సన్నటి గాజు పిపెట్‌లోకి ఒక్క కణాన్ని పీల్చి కరెంట్ కొలవచ్చు. ఈ పద్ధతితోనే బేలర్, లాంబ్, యావ్ 1979లో టోడ్ అనే కప్ప రకం రాడ్లలో ఒక్కొక్క ఫొటాన్‌కి వచ్చే స్పందనని చూపించారు, అది సుమారు ఒక పికోఆంపియర్, అంటే ఆంపియర్‌లో లక్ష కోట్లో వంతు. కోన్‌లో అయితే ఒక్క ఫొటాన్ సంకేతం చాలా చిన్నది, నాయిస్‌లో (కణం తనంతట తాను చేసే గోలలో) కలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది యూనివేరియన్స్ చెప్పిన తీరు. రెడ్ కోన్ మీద ఎర్ర లైటు వేసినా ఆకుపచ్చది వేసినా, ప్రకాశం సరిచూసుకుంటే వచ్చే గ్రాఫ్ ఒక్కటే. ఆ కోన్‌కి రంగు సంగతి తెలియదు, ఎన్ని ఫొటాన్లు పట్టుకుందన్నదే లెక్క, రంగు తేల్చేది తర్వాతి కణాలు కోన్లన్నిటినీ పోల్చుకున్నాకే. ఈ పావుగంటకే సగం ఫీజు ఇచ్చేయొచ్చు.

ఇక మెటీరియల్. "కోన్ ఫ్లాష్ రెస్పాన్స్" అని పేజీ నిండా వేసిన గ్రాఫ్ అసలు రాడ్‌ది అండీ! ఫ్లాష్ పడ్డాక పీక్ రావడానికి దాదాపు సెకను పడుతోంది అందులో. సాలమాండర్ కోన్‌కి సెకనులో పదో వంతు దరిదాపుల్లోనే పీక్ వచ్చేస్తుంది. ఇది ఏదో అచ్చుతప్పు అని వదిలేసేది కాదు, ఎందుకంటే కోన్ గొప్పతనమంతా ఆ వేగంలోనే ఉంది. రాడ్ అంత సున్నితం కాదు, కానీ గబుక్కున లేచి గబుక్కున సర్దుకుంటుంది. వెలుతురులో లోపలి కాల్షియం తగ్గుతుంది, దాంతో సైక్లిక్ జీఎంపీ తయారీ పెరిగి కొన్ని ఛానెళ్లు మళ్లీ తెరుచుకుంటాయి, అందుకే రాడ్ చేతులెత్తేసే ఎండలో కూడా కోన్ తేడాలు పసిగడుతుంది. ఆ ఒక్క గ్రాఫ్ చూసి చదివినవాడికి ఇదంతా తలకిందులుగా ఎక్కుతుంది. కౌంటర్లో అడిగితే "ఉన్న స్టాక్ అయిపోయాక మారుస్తాం అండీ" అట.

ఇంకోటి, టొమిటా అనే శాస్త్రవేత్త 1965లో కోన్ వోల్టేజి రికార్డు చేసింది కార్ప్ చేపలో. వీళ్లు కప్ప అని వేశారు.

టైమ్ లేదని వదిలేసినవి కూడా చిన్నవేం కాదు. కప్పల్లో రెండు కోన్లు అంటుకుని ఉండే డబుల్ కోన్లుంటాయి, వాటి పేరు కూడా రాలేదు. ఉభయచరాల్లో మామూలు రాడ్‌తో పాటు గ్రీన్ రాడ్ అని ఇంకో రకం ఉంటుంది, టైగర్ సాలమాండర్‌లో ఆ రాడ్‌కీ బ్లూ కోన్‌కీ విజువల్ పిగ్మెంట్ (వెలుతురుని పట్టే అణువు) ఒక్కటే. పిగ్మెంట్ ఒకటే అయినా ఒకటి రాడ్, ఒకటి కోన్! నన్నడిగితే క్లాసు మొదలుపెట్టాల్సిందే దీనితో.

ఒకబ్బాయి మన మే నెల వేడిలో ఈ ప్రయోగం చేస్తే ఏమవుతుందని అడిగాడు, అందరూ నవ్వారు కానీ మేడమ్ సీరియస్‌గానే జవాబిచ్చారు: వేడి పెరిగితే స్పందన వేగం పెరుగుతుంది, దాంతో పాటు వెలుతురు లేకుండానే పిగ్మెంట్ అణువులు వాటంతటవే మారిపోవడం వల్ల వచ్చే నాయిస్ కూడా పెరుగుతుంది.

మెటీరియల్ విడిగా కూడా అమ్ముతున్నారు, అది మాత్రం కొనొద్దు. క్లాసుకి వెళ్తే బోర్డు మీద మేడమ్ గీసిన గ్రాఫ్ ఫోన్లో ఫొటో తీసుకోండి, పుస్తకంలో ఉన్నది కొట్టేసి అదే అంటించుకోండి. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టాలి, సెల్లార్ నిండా మెటీరియల్ కట్టలే ఉన్నాయి.