ఎన్సెనాడాకి మా సెయిలింగ్ క్లబ్ ట్రిప్: ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఏది వదిలేయొచ్చు

అమెరికా సరిహద్దుకి దక్షిణాన, మెక్సికో పసిఫిక్ తీరంలో ఉన్న రేవు ఊరు ఎన్సెనాడాకి బీచ్ కోసం వెళ్లకండి. మెక్సికో అనగానే తెల్లటి ఇసుక, వెచ్చటి నీళ్లు ఊహించుకుని వచ్చేవాళ్లకి ఇక్కడ నిరాశే. ఊరి ముందు ఉన్నది రేవు: చేపల పడవలు, కంటైనర్ల క్రేన్లు, క్రూయిజ్ ఓడలు. ఇసుక తీరం కావాలంటే దక్షిణంగా ప్లాయా హెర్మోసా వైపో, ఎస్తెరో బీచ్ వైపో పోవాలి. అక్కడ కూడా పసిఫిక్ నీళ్లు చల్లగానే ఉంటాయి. అయినా శాన్ డియేగోలోని మా సెయిలింగ్ క్లబ్ ఏటా ఒక వీకెండ్ అక్కడికే వెళ్తుంది. ఆ ట్రిప్ అంటే నాకు ప్రాణం.

క్లబ్‌లో సగం మంది సెయిల్‌బోట్లలో వస్తారు, సగం మంది కార్లలో. మా ఇంట్లోనూ అదే లెక్క. నేను పడవలో, మా వారూ పిల్లలూ అత్తయ్యగారూ కారులో.

పడవ దారి 60 నాటికల్ మైళ్ల (ఒక్కోటి దాదాపు 1.85 కిలోమీటర్లు) పైనే. ఐదారు నాట్ల వేగంతో, అంటే గంటకి ఐదారు నాటికల్ మైళ్లు పోతే పగలంతా పడుతుంది, అందుకే తెల్లవారకముందే బయల్దేరతాం. ఈ తీరంలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. సరిహద్దు దాటగానే కుడివైపున కొరొనాడో దీవులు, ఆ తర్వాత గంటల తరబడి ఎడమవైపు గోధుమరంగు కొండలు. డాల్ఫిన్లు గుంపులుగా వచ్చి పడవ ముక్కు ముందు ఆడుకుంటుంటే ఎవరికీ కడుపులో తిప్పడం గుర్తుండదు. కానీ చుక్కాని పట్టినవాళ్లు మాత్రం కళ్లు తిప్పుకోకూడదు. తీరం దగ్గర కెల్ప్ నాచు దట్టంగా ఉంటుంది, ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ఇంజిన్ ఆగిపోవాల్సిందే. ఇంకా దక్షిణాన బ్లూఫిన్ ట్యూనా చేపల్ని పెంచే పెద్ద పెద్ద వల పంజరాలు నీళ్లలో ఉంటాయి. చీకట్లో అవి కనబడవు. రాత్రిపూట వెళ్లడం నాకు ఇష్టం లేకపోవడానికి అదే కారణం. సాయంత్రం తోదోస్ సాంతోస్ దీవులు కనబడ్డాక అఖాతంలోకి తిరుగుతాం.

కాగితాల గురించి ఎంత చెప్పినా తక్కువే. పడవకి మెక్సికో తాత్కాలిక దిగుమతి పర్మిట్ ఉండాలి, ఒకసారి తీసుకుంటే పదేళ్లు పనికొస్తుంది. మెక్సికోలో చెల్లే ఇన్సూరెన్స్ లేనిదే మెరీనాలో (పడవలు కట్టేసుకునే రేవులో) చోటు దొరకదు. ఎన్సెనాడాలో మంచి విషయం ఏమిటంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్, రేవు అధికారి కౌంటర్లు అన్నీ ఒకే ఆఫీసులో ఉన్నాయి. మెరీనా వాళ్లే వెంట వచ్చి పని చేయించి పెడతారు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇంకో ముఖ్యమైన మాట. అమెరికా వీసా స్టాంప్ గడువు ఉంటేనో, గ్రీన్ కార్డ్ ఉంటేనో మెక్సికో వీసా అక్కర్లేదు. స్టాంప్ గడువు అయిపోయి ఐ-797 కాగితం (అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే మంజూరు పత్రం) ఒక్కటే చేతిలో ఉంటే మాత్రం మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు చాలామంది ఈ సంగతి సరిహద్దు దగ్గర తెలుసుకుంటున్నారు, నాకు బాధగా ఉంటుంది.

ఉండటానికి మా క్లబ్ రెండు రకాల చోట్లూ ప్రయత్నించింది. ఊరి మధ్యలో, క్రూయిజ్ ఓడల పక్కన ఉన్న మెరీనా ఒకటి. ఊరికి ఉత్తరాన, హోటల్‌కి ఆనుకుని ఉన్నది ఇంకోటి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే రెండోదే నయం. పడవలో వచ్చినవాళ్లం, కారులో వచ్చినవాళ్లం ఒకే చోట ఉంటాం, వేడి నీళ్ల పూల్ ఉంటుంది, పడవలో బిగుసుకుపోయిన ఒళ్లు దానితో తేలికపడుతుంది. కానీ ఊళ్లోకి ప్రతిసారీ టాక్సీ పిలవాలి, భోజనం కాస్త ఖరీదే. ఊరి మధ్యలో అయితే నడిచి వెళ్లిపోవచ్చు, రాత్రి ఏ టైమ్‌కైనా నడిచి రావచ్చు. పెద్దవాళ్లు వెంట లేకపోతే నేను అదే ఎంచుకుంటాను. బార్లుండే వీధి కాల్యే ప్రిమేరా పక్కన చవగ్గా దొరికిన ఒక హోటల్ గదిలో మాత్రం తెల్లవారుజాము దాకా కింద బార్ పాటలే, పొద్దున వేడినీళ్లు లేవు. బార్లున్న వీధి నుంచి రెండు సందులు ఇవతలికి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఈ ఊరికి వెళ్లాల్సింది తిండి కోసం. రేవు పక్కనే చేపల మార్కెట్, మెర్కాదో నెగ్రో అంటారు. పొద్దున్నే వెళ్తే పడవల నుంచి దిగిన సరుకు ఎదురుగా పేర్చి ఉంటుంది: ట్యూనా, రొయ్యలు, ఆల్చిప్పలు, పొగబెట్టిన చేప. చుట్టూ ఫిష్ టాకో బండ్లు, దుకాణాలు. చేప ముక్కని పిండిలో ముంచి అచ్చం మన బజ్జీలా వేయించి, రొట్టెలో పెట్టి, సన్నగా తరిగిన క్యాబేజీ, క్రీమ్, సాల్సా పచ్చడి వేసి ఇస్తారు. హాబనేరో మిరపకాయల సాల్సా అడగండి, గుంటూరు నాలుకకి కూడా సరిపోతుంది. రద్దీ ఉన్న బండి దగ్గరే తినండి, నూనె తాజాగా ఉంటుంది, చేప నిలవ ఉండదు.

అత్తయ్యగారు శాకాహారి. ఆవిడకి ఇబ్బంది అవుతుందనుకున్నాం కానీ అంత కాలేదు. బీన్స్‌ని చాలాచోట్ల పంది కొవ్వుతో వండుతారు కాబట్టి "సిన్ మాంతేకా" (పంది కొవ్వు లేకుండా) అని ముందే చెప్పాలి. చీజ్ కెసడియాలు (చీజ్ పెట్టి కాల్చిన రొట్టెలు), కాల్చిన నాగజెముడు మట్టలు, అవకాడో ఎక్కడైనా దొరుకుతాయి. నాగజెముడు కూర ఆవిడకి ఎంత నచ్చిందంటే ఇంట్లో వండటానికి ఆ వంటావిణ్ణి పద్ధతి అడిగి రాసుకున్నారు.

లా బుఫాదోరా చూడాలా వద్దా అని అందరూ అడుగుతారు. అది పుంతా బాందా ద్వీపకల్పం కొసన, ఊరికి కారులో ముప్పావు గంట దూరంలో ఉంటుంది. రాతి సందులోకి అల దూరి, లోపలి గాలిని నొక్కి, నీటిని పైకి చిమ్ముతుంది. సముద్రం పోటుమీద, అలలు పెద్దగా ఉన్న రోజైతే ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లు ప్రశాంతంగా ఉన్న రోజు వెళ్తే చూసేది తక్కువ, దారి పొడవునా దుకాణాల వాళ్ల పిలుపులే ఎక్కువ. టైడ్ పట్టిక చూసుకోకుండా బయల్దేరకండి. ఒక్కపూటే టైమ్ ఉంటే దానికి బదులు 1930లో క్యాసినోగా తెరిచిన రివియేరా భవనం చూడమంటాను. ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. చెక్క పనితనం ఉన్న పైకప్పులు, పూలతోట, పెద్దవాళ్లు హాయిగా కూర్చునే నీడ ఉన్నాయి. 1892 నాటి హుస్సాంగ్స్ బార్‌కి మా క్లబ్ వాళ్లు తప్పకుండా వెళ్తారు. మరియాచి అనే మెక్సికో వాద్యబృందాల పాటల కోసం నేనూ ఒక గంట కూర్చుంటాను.

ఏప్రిల్ చివర న్యూపోర్ట్ నుంచి ఎన్సెనాడాకి 125 నాటికల్ మైళ్ల సెయిలింగ్ రేసు జరుగుతుంది. 1948 నుంచి ఉన్న పేరున్న రేసు అది. చూడటానికి కన్నులపండుగే, కానీ ఆ వారం గదులూ మెరీనా చోట్లూ దొరకడం కష్టం. మనలాంటి చిన్న క్లబ్‌లు వేరే వారం పెట్టుకోవడం మేలు.

తిరుగు ప్రయాణంలో రెండు దారులూ పరీక్షే. కారులో ఆదివారం సాయంత్రం శాన్ ఇసిద్రో సరిహద్దు గేటు దగ్గర క్యూ గంటల తరబడి కదలదు. మా వాళ్లు వాయే దె గ్వాదలూపే ద్రాక్షతోటల మీదుగా ఇంకో సరిహద్దు గేటు ఉన్న తెకాతే వైపు వచ్చారు. దారి అందంగా ఉంది, మధ్యలో భోజనానికి ఆగొచ్చు, పిల్లలు విసుక్కోలేదు. పడవలో అయితే గాలి ఇప్పుడు ఎదురు. ఇంజిన్ వేసుకుని అలల మీద దబదబా కొట్టుకుంటూ రావాలి, రెండో రోజుకి అందరూ అలసిపోయి ఉంటారు. శాన్ డియేగోలో షెల్టర్ ఐలాండ్ దగ్గర కస్టమ్స్ రేవులో ఆగి, అధికారి వచ్చేదాకా ఎవరూ పడవ దిగకూడదు. మిగిలిన పళ్లు ఉంటే ముందే తినేయాలి.

కొత్తవాళ్లకి నేను చెప్పేది పడవలో వెళ్లి, కారులో రమ్మని. అలా చేస్తే కెప్టెన్లకి తిరుగు ప్రయాణంలో మనుషులు తక్కువవుతారు. అందుకని వచ్చే ఏటి నుంచి వెళ్లే క్రూ, వచ్చే క్రూ పేర్లు వేర్వేరుగా నమోదు చేద్దామని కమిటీని అడిగాం, ఒప్పుకున్నారు. ఆలస్యంగా పేరిచ్చినవాళ్లకి తిరుగు పడవే మిగులుతుంది.