కంచరగాడిదలు కూడా బండెక్కిన దారి: మాక్ చంక్‌లో రెండు రోజులు

మా నాన్న కొత్తగూడెం బొగ్గుగనుల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యారు. న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా నయాగరా, న్యూయార్క్ చూపించి పంపేదాన్ని. ఈసారి వాటి జోలికి పోకుండా పెన్సిల్వేనియా బొగ్గు కొండలకు తీసుకెళ్లాను. ఎడిసన్ నుంచి కారులో రెండు గంటలు కూడా పట్టలేదు.

ఊరి పేరు జిమ్ థోర్ప్. 1954లో ఆ ఒలింపిక్ క్రీడాకారుడి పేరు పెట్టుకునేదాకా అది మాక్ చంక్. కొండల నడుమ ఇరుకు లోయ, పక్కనే లీహై నది. 1888లో కట్టిన రైల్వే స్టేషన్ ఊరి మొదట్లోనే కనిపిస్తుంది, పార్కింగు దాని పక్కనే. ఆకులు రంగు మారే అక్టోబరు వారాంతాల్లో అక్కడ చోటు దొరకడం కష్టం. మేము జూన్‌లో శుక్రవారం ఉదయమే చేరాం కాబట్టి ఇబ్బంది కలగలేదు.

ఇక్కడికి వచ్చినవారంతా ముందు ఎక్కేది లీహై గార్జ్ రైలు. నది అంచునే వెళ్లి వెనక్కి తీసుకొస్తుంది, రానూపోనూ 26 కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. కిటికీ అద్దాలు లేని పెట్టెలో కూర్చోండి, లోయ గాలి హాయిగా తగులుతుంది. పిల్లలతో వెళ్లేవారికి ఇది చక్కని ప్రయాణం. బొగ్గు రైలు కథ కోసం వెళ్లేవారికి మాత్రం ముందే ఒక మాట, అది ఈ బండిలో దొరకదు. ఈ బండిని నడిపే రీడింగ్ అండ్ నార్తర్న్ సంస్థ ఆంత్రసైట్ అనే గట్టి రకం బొగ్గును ఇప్పటికీ మోస్తోంది. ఒకప్పుడు ఈ లోయను ఏలిన లీహై వ్యాలీ, న్యూజెర్సీ సెంట్రల్ వంటి పెద్ద రైల్వే కంపెనీలు దివాలా తీసి 1976లో ప్రభుత్వం ఏర్పాటు చేసిన కాన్‌రైల్ సంస్థలో కలిసిపోయాయి.

అసలు కథ బ్రాడ్‌వే వీధిలో పాత చర్చి భవనంలో ఉన్న మాక్ చంక్ మ్యూజియంలో దొరికింది. 1827లో లీహై కోల్ అండ్ నావిగేషన్ కంపెనీ సమ్మిట్ హిల్ గనుల నుంచి ఇక్కడి నది ఒడ్డుకు సుమారు తొమ్మిది మైళ్ల పట్టాలు వేసింది. ఇంజను లేదు. గని కొండమీద, పడవలు కింద. చెక్క పట్టాల మీద ఇనుప బద్దలు బిగించి, బొగ్గు నింపిన బండ్లను వాలులో వదిలితే అరగంటలో దిగిపోయేవి. ఖాళీ బండ్లను పైకి లాగాల్సింది కంచరగాడిదలు, అందుకు మూడు నాలుగు గంటలు పట్టేది. అందుకని బొగ్గు వెంటే వాటినీ బండ్లలో ఎక్కించి, మేత వేసి, కిందికి పంపేవారు. ఆ సుఖం మరిగాక, నడిచి దిగమంటే అవి కదిలేవి కావట.

1840లలో ఆవిరి యంత్రాలు వచ్చాయి. మౌంట్ పిస్గా శిఖరం మీది యంత్రం ఖాళీ బండ్లను 664 అడుగుల ఎత్తుకు లాగేది, అక్కడి నుంచి మళ్లీ వాలే. 1872లో కొండ కింద సొరంగం తెరుచుకోగానే బొగ్గు అటు మళ్లింది. ఈ పట్టాలు విహారానికి వచ్చే జనాన్ని తిప్పడానికి మిగిలాయి. కోనీ ఐలాండ్‌లో 1884లో మొదలైన రోలర్ కోస్టర్‌కు ప్రేరణ ఇదేనంటారు. 1933లో బండ్లు ఆగాయి, 1937లో ఇనుమంతా తుక్కు కింద పోయింది.

నాన్న ఒక పాత ఫొటో ముందు ఆగిపోయారు. ఎత్తుకు వెళ్లే రెండు పట్టాల నడుమ పళ్లున్న కడ్డీ ఒకటి ఉంది. లాగే పట్టీ తెగితే బండి వెనక్కి దొర్లకుండా ఆ పళ్లు పట్టుకుంటాయి. "రోప్ తెగి టబ్బులు వెనక్కి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా" అన్నారు. టబ్బులంటే గనిలో బొగ్గు నింపే బండ్లు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన వస్తున్నారని, కింది అంతస్తు గది కావాలని ముందే ఫోనులో చెప్పి ఒప్పించాను. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నిట్టనిలువు చెక్క మెట్లు. గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది, అయినా ఆ మెట్ల మీద నాన్నను చూస్తుంటే నా కోపం దిగలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు పాత ఊళ్లోని అందమైన భవనాలకు ఆశపడకుండా, కారు గది ముందే ఆగే మోటెల్ తీసుకోండి. శాకాహారులు పులిహోర వెంట తీసుకెళ్తే నిశ్చింత.

ఒక్కరోజే వీలైతే రైలు మానేసి లాన్స్‌ఫర్డ్ వెళ్లండి, ఇరవై నిమిషాల దారి. అక్కడి తొమ్మిదో నంబరు గని 1855లో మొదలై 1972లో మూతపడింది. చిన్న బండిలో కూర్చోబెట్టి 1,600 అడుగులు కొండలోకి తీసుకెళ్తారు. లోపల ఎండాకాలంలోనూ చలే, స్వెటరు ఉండాలి. ఏడు వందల అడుగుల లోతున్న లిఫ్టు గొయ్యి, కంచరగాడిదలు నడిచిన దారి, రాయిని తొలిచి చేసిన వైద్యపు గది అన్నీ దగ్గరుండి చూపించారు. మా గైడు ఓపిక మరువలేనిది. నాన్న గనిలో పనిచేశారని తెలిశాక, తట్టా చెమ్మస్‌తో (బొగ్గెత్తే తట్ట, పార) టబ్బు ఎలా నింపేవారో నా చేత అనువాదం చేయించుకుని మరీ విన్నాడు.

నాన్న చేతికి అతను ఒక ముక్క ఇచ్చాడు. గాజులా మెరుస్తోంది. నాన్న దాన్ని బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు దీపం దగ్గర పెట్టి చూసుకున్నారు. మసి లేదు.

"ఇది బొగ్గేనా అమ్మా? చేతికి అంటనే లేదు."

ఆంత్రసైట్ అంతే, గట్టిగా ఉంటుంది, వేలికి అంటదు. ఆ మాటే చెప్పాను. బయటికి వచ్చాక కూడా ఆయన బొటనవేలు చూసుకుంటూనే ఉన్నారు. తిరుగు దారిలో ఆ మ్యూజియంలో పళ్ల కడ్డీ ఫొటో మరోసారి చూడాలన్నారు. కారు వెనక్కి తిప్పి, మళ్లీ రెండు టికెట్లు కొన్నాను.