కుక్క కాటుకు నష్టపరిహారం: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచిత సేవపై ఒక తండ్రి సమీక్ష

గత ఏడాది వేసవి సెలవుల్లో, మేము ఉండే అపార్ట్‌మెంటులో లిఫ్టు ముందు నిలబడి ఉన్న మా ఎనిమిదేళ్ళ అమ్మాయిని పై అంతస్తు వారి పెంపుడు కుక్క కరిచింది. కుడి పిక్కలో రెండు చోట్ల పళ్ళు లోతుగా దిగాయి, ఒకచోట కండ చీలింది. వైద్యం ఒక కొలిక్కి వచ్చాక నష్టపరిహారం కోసం మేము వెళ్ళినది జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు. తెలంగాణలో మాది ఒక మోస్తరు జిల్లా కేంద్రం. అవతలి పక్షం వారు నేటికీ మా పొరుగువారే కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కుక్క కాటుకు డబ్బు రాబట్టడం జరిగే పని కాదని చాలామంది మొదటి వారంలోనే వదులుకోవడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఈ సేవ ఎంతవరకు పనికి వచ్చిందో, ఎక్కడ తడబడిందో వివరంగా చెప్పదలచుకున్నాను.

నేను జీతగాణ్ణి. ఉచిత న్యాయ సహాయం నిరుపేదలకే అనుకుని మొదట అటువైపు చూడలేదు. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించినవి ఎక్కువగా అమెరికా న్యాయవాదుల ప్రకటనలే. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడు చెప్పినట్టు, అక్కడ సివిల్ కోడ్ 3342వ సెక్షన్ కింద కుక్క అంతకు ముందు ఎవరినీ కరవకపోయినా సరే యజమాని బాధ్యుడవుతాడు, లాయరు తన ఫీజును వచ్చిన పరిహారంలో వాటాగా తీసుకోవచ్చు. మన దగ్గర పరిస్థితి వేరు. యజమాని నిర్లక్ష్యాన్ని గానీ, తన జంతువుకు కరిచే స్వభావం ఉందని అతనికి ముందే తెలుసునన్న సంగతిని గానీ బాధితులే చూపించాలి. కేసు ఫలితం మీద ఆధారపడే ఫీజు కుదుర్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిషేధించాయి. అయినా నేను మొదట సంప్రదించిన ఒక ప్రైవేటు కార్యాలయం వారు, వచ్చిన సొమ్ములో మూడో వంతు తమకు ఇవ్వాలని, దానికి తోడు ముందుగా కొంత బయానా కట్టాలని అడిగారు. గాయం ఏమిటో, సాక్ష్యం ఏముందో ఒక్క మాటైనా అడగకుండానే వాటా మాట్లాడారు. ఆ రోజు నేను తిరిగి వచ్చేశాను.

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) వారి 15100 నంబరుకు ఫోన్ చేసినప్పుడే అసలు సంగతి తెలిసింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కరిచినది నన్ను కాదు, మా అమ్మాయిని. దరఖాస్తుదారు ఆ పాపే, నేను ఆమె తరఫున సంతకం చేసే సంరక్షకుణ్ణి మాత్రమే. కోర్టు ఆవరణలోని ఫ్రంట్ ఆఫీసులో ఉన్న ఉద్యోగిని కూడా నా జీతం సంగతి అడగకుండా, "పాప ఆధార్ కార్డు, ఆస్పత్రి కాగితాలు తెచ్చారా సార్?" అని అడిగారు. నాలుగు రోజుల్లో ఒక ప్యానెల్ న్యాయవాదిని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయరును, నియమించారు.

ఈ సేవలో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది సాక్ష్యాన్ని సమకూర్చడంలో వారు చూపిన శ్రద్ధ. ప్రమాదం జరిగిన రోజు మేము గాయాన్ని సబ్బు పెట్టి కుళాయి ధార కింద పదిహేను నిమిషాలు కడిగి, దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్కుకు పరుగెత్తాము. అక్కడ చీటీ మీద గాయం అని మాత్రమే రాశారు, దేని వల్లనో రాయలేదు. అదృష్టవశాత్తు ఆ సాయంత్రమే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాము. రక్తం వచ్చేలా చర్మం తెగిన కాటు మూడో శ్రేణి కిందికి వస్తుంది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే ప్రతిరక్షకాల మందు) కూడా వేశారు, తరువాతి టీకాలకు తేదీలు రాసి ఇచ్చారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం మా అమ్మ తరానిది. ఇప్పుడు పిల్లలకు వేసేవి చేతికో తొడకో నాలుగైదు విడతల్లో వేసే సూదులే. ఆ ఓపీ చీటీ మీద కుక్క కాటు, మూడో శ్రేణి అని స్పష్టంగా రాసి ఉండడమే తరువాత మా కేసుకు ఆధారమైంది. గాయాల సర్టిఫికెట్టు తీసుకోవాలని మాకు చెప్పినది, దాని కోసం ఎక్కడ ఎలా దరఖాస్తు చేయాలో దగ్గరుండి చూపించినది ఆ సంస్థ పంపిన పారా లీగల్ వాలంటీరు, అంటే న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్త. ఆమె మా పేటలోనే ఉండే అంగన్‌వాడీ కార్యకర్త. రెండు పూటలు మాతో ఆస్పత్రి చుట్టూ తిరిగింది.

న్యాయవాది మొదటి సమావేశంలోనే అపార్ట్‌మెంటు సీసీటీవీ గురించి అడిగారు. చాలా చోట్ల పాత దృశ్యాల మీదే కొత్తవి రికార్డవుతాయి కాబట్టి ఆలస్యం చేస్తే కుక్క గొలుసు లేకుండా, మూతికి చిక్కం లేకుండా లిఫ్టులోంచి దూకిన దృశ్యం పోతుందని హెచ్చరించి, అసోసియేషన్ కార్యదర్శికి అదే రోజు ఉత్తరం రాయించారు. పెన్‌డ్రైవ్‌లో తీసుకున్న వీడియో కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలని చెప్పి, దాని నమూనా ఇచ్చారు. రెండు నెలల ముందు అదే కుక్క పాలబ్బాయి మీదికి ఎగబడిందని మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫిర్యాదును, దానికి యజమాని "ఇక మీద జాగ్రత్తగా చూసుకుంటాము" అని ఇచ్చిన జవాబును ప్రింటు తీయించారు. కుక్క స్వభావం యజమానికి ముందే తెలుసునని చూపించడానికి అంతకంటే బలమైన కాగితం మా దగ్గర మరొకటి లేదు. అది సాక్ష్యమవుతుందన్న ఆలోచన నాకు కలలోనైనా రాలేదు.

పోలీసు కేసు దారి వేరు, నష్టపరిహారం దారి వేరు అన్న తేడాను మా న్యాయవాది ఓపికగా విప్పి చెప్పారు. జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఆ జరిమానా తనంతట తానుగా బాధితుల చేతికి రాదు. పరిహారం కోసం సివిల్ దావా వేయడం ఒక దారి, దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించడం మరొక దారి. కోర్టుల వాళ్ళు దీన్ని పీఎల్‌సీ అంటారు, అంటే ప్రీ లిటిగేషన్ కేసు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే వెలువడే అవార్డుకు, అంటే లోక్ అదాలత్ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కుదరకపోతే దావా వేసే హక్కు చెక్కుచెదరదు. మేము రెండో దారి ఎంచుకున్నాము, అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పరిహారం లెక్క కట్టిన తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నేను మందుల బిల్లులు, ఆటో ఖర్చులు కలిపి 23,000 రూపాయలు అడుగుదామనుకున్నాను. న్యాయవాది ఆ మొత్తాన్ని మొదటి పద్దుగా మాత్రమే తీసుకున్నారు. దానికి నేను, నా భార్య పనికి వెళ్ళలేక పోగొట్టుకున్న జీతం, పిక్క మీద మిగిలిన మచ్చకు చర్మ వైద్యుడు అంచనా వేసిన చికిత్స ఖర్చు, పాప పడిన నొప్పి, లిఫ్టు తలుపు తెరుచుకుంటే చాలు వణికిపోయే భయం, అన్నింటినీ విడివిడిగా చేర్చి 2,40,000 రూపాయలు కోరారు. భయానికి ధర కట్టడం నాకు మొదట ఇబ్బందిగా అనిపించింది. అయితే లోక్ అదాలత్ బెంచి ముందు న్యాయవాది పిల్లల వైద్యుడి ఉత్తరం చదివి వినిపించినప్పుడు, అంతవరకు "చిన్న గాయమే కదండీ" అంటున్న కుక్క యజమాని తల దించుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, పెద్దాయన. తన ఇంట్లో జరిగిన తప్పు ఎంతటిదో ఆయనకు అర్థమయ్యేలా కూర్చోబెట్టి చెప్పినవారు అంతకు ముందు ఎవరూ లేరు.

నాలుగో వాయిదాలో 1,35,000 రూపాయలకు రాజీ కుదిరింది. మైనరు సొమ్ము కాబట్టి ఖర్చుల భాగం మాకు ఇప్పించి, 90,000 రూపాయలను ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండేవరకు జాతీయ బ్యాంకులో ఆమె పేరునే డిపాజిట్ చేయాలని బెంచి ఆదేశించింది. ఇకపై కుక్కను గొలుసు, చిక్కం లేకుండా బయటికి తీసుకురాకూడదన్న షరతు, దాని రేబిస్ టీకా కార్డును ఏటా అసోసియేషన్‌కు చూపాలన్న షరతు కూడా అవార్డులో చేరాయి. ఈ రెండు షరతులు మాకు డబ్బు కంటే ఎక్కువ ధైర్యాన్నిచ్చాయి. మా చేతి నుంచి న్యాయవాదికి గానీ, కార్యాలయానికి గానీ ఒక్క రూపాయి కూడా పోలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. అవతలి పక్షానికి పంపిన మొదటి నోటీసులో ఫ్లాటు నంబరు తప్పుగా టైపు చేయడం వల్ల అది తిరిగి వచ్చింది. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, మేమే వెళ్ళి అడిగితే మూడు వారాల తరువాత తెలిసింది. న్యాయవాదికి వేరే కోర్టులో పని ఉండడం వల్ల ఒక వాయిదా పూర్తిగా వృథా అయింది, నా సెలవు పోయింది. అన్నింటికంటే బాధించినది కూర్చునే ఏర్పాటు. పాపను, ఆమెను కరిచిన కుక్క యజమానిని ఒకే వరండాలో ఒకే బల్ల మీద గంటన్నర కూర్చోబెట్టారు. ఆ గంటన్నరా అమ్మాయి నా చేయి వదలలేదు.

వీధి కుక్కల బాధితులకు ఈ సేవ మాకు అందినంత బాగా అందుతుందని చెప్పలేను. మేము వెళ్ళిన రోజునే, కాలి మడమ దగ్గర కట్టుతో వచ్చిన ఒక కూరగాయల వ్యాపారిని చూశాను. ఆమెను కరిచినది వీధి కుక్క. మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకోమని చెప్పి పంపించేశారు. స్త్రీ కాబట్టి ఆమెకూ ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది, ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆ బాధ్యత నెరవేరలేదని చూపిస్తూ రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్, అంటే ఆ సంస్థ తన విధి నెరవేర్చేలా ఆదేశించమని కోరే పిటిషన్, వేయవచ్చు. దానికి కూడా హైకోర్టు న్యాయ సేవా కమిటీ ద్వారా న్యాయవాదిని ఉచితంగా పొందవచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధి కుక్కల దాడిలో చనిపోయినప్పుడు తెలంగాణ హైకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అదే ఏడాది నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక లెక్క నిర్ణయించింది. ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడి వచ్చిన చోట ప్రతి 0.2 సెంటీమీటర్లకు కనీసం 20,000 రూపాయలు చెల్లించాలని, జిల్లాకో కమిటీ ఏర్పరచి దరఖాస్తు అందిన నాలుగు నెలల్లో తేల్చాలని చెప్పింది. కేరళలో సుప్రీంకోర్టు 2016లో నియమించిన జస్టిస్ సిరి జగన్ కమిటీ బాధితుల దరఖాస్తులను విచారించింది. పంజాబ్ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదు, కానీ రిట్‌లో దాన్ని ఉదహరించే వీలు ఉంది. సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండులు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధి కుక్కలను తొలగించాలని ఆదేశించింది కాబట్టి, అలాంటి చోట కాటు జరిగితే బాధితుల వాదనకు మరింత బలం వస్తుంది. ఈ సమాచారాన్ని ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేయించి ఫ్రంట్ ఆఫీసు గోడకు అంటించినా, ఆ కూరగాయల ఆవిడ వట్టి చేతులతో వెళ్ళేది కాదు.

పెంపుడు కుక్క కరిచిన కేసుల్లో, యజమాని ఎవరో తెలిసినప్పుడు, ఈ సేవకు అయిదుకు నాలుగు మార్కులు నిస్సంకోచంగా ఇస్తాను. వీధి కుక్క కేసులకు నేను చూసినంతలో రెండుకు మించి ఇవ్వలేను. వెళ్ళేవారు కుక్క కాటు అని రాసి ఉన్న ఆస్పత్రి చీటీ, టీకా కార్డు, గాయం మానకముందు తేదీ కనిపించేలా తీసిన ఫోటోలు, ప్రతి చిన్న బిల్లు వెంట తీసుకువెళ్ళాలి. పెట్టిన ప్రతి కాగితానికి అందినట్టు ముద్ర వేయించుకోవాలి, నోటీసు చేరిందో లేదో వారం వారం స్వయంగా అడిగి తెలుసుకోవాలి.

అవార్డు ప్రతి అందిన రోజున సంస్థ కార్యదర్శిగా ఉన్న న్యాయమూర్తికి ఒక వినతి పత్రం ఇచ్చాను. పిల్లలు బాధితులుగా వచ్చిన కేసుల్లో వారిని వేరే గదిలో కూర్చోబెట్టాలని, వీధి కుక్క కాటుతో వచ్చేవారి నుంచి కూడా న్యాయ సహాయ దరఖాస్తు తీసుకోవాలని కోరాను. ఆమె అక్కడికక్కడే చదివి, వెనుక ఉన్న చిన్న గదిని వచ్చే లోక్ అదాలత్ నాటికి పిల్లల కోసం ఖాళీ చేయించమని సూపరింటెండెంటుతో చెప్పారు. రెండో విన్నపం మీద, పరిశీలించవలసిందిగా ఫ్రంట్ ఆఫీసుకు రాసి సంతకం చేశారు.