పాముకి ఎలుకలు దాచాలంటే ఇంటి ఫ్రిజ్ మేలా, విడిగా డీప్ ఫ్రీజర్ మేలా?

శ్రీకాకుళంలో మా ఇంట్లో ఒక కార్న్ స్నేక్, ఒక బాల్ పైథాన్ ఉన్నాయి. రెండూ విదేశీ జాతులే. మన నాగుపాముని, జెర్రిపోతుని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) జాబితాలో ఉన్న జాతి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఈ రెండు సంగతులూ తెలియకుండా పాము కొనకండి.

ఇక తిండి. పెద్ద కార్న్ స్నేక్ పది, పద్నాలుగు రోజులకి ఒక చుంచెలుక తింటుంది. బాల్ పైథాన్‌కి రెండు వారాలకో ఎలుక చాలు. ప్రాణమున్న ఎలుకని పెట్టెలో వదిలితే పాముని కొరికి గాయం చేస్తుంది, కన్ను పోయినా పోతుంది. ఎలుకకీ అది నరకమే. కాబట్టి నొప్పి లేకుండా చంపి గడ్డకట్టించినవే వాడాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. మరి వాటిని ఎక్కడ దాచాలి?

మొదట్లో నేనూ ఇంటి ఫ్రిజ్‌లోనే పెట్టాను. మాది ఒకే తలుపు ఫ్రిజ్. పైన చిన్న ఫ్రీజర్ అర, అందులో కళింగపట్నం నుంచి తెచ్చిన చేపలు, ఒక మూల నా ఎలుకల పొట్లం. నల్ల కవర్‌లో చుట్టాను కదా అని ధైర్యం. అప్పుడు మా చెల్లి పురిటికి వచ్చి ఉంది. ఒకరోజు అర నిండా ఐస్ పేరుకుపోయిందని అమ్మ డీఫ్రాస్ట్ మీట నొక్కి గుడికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఐస్ కరిగి, ఎలుకలు మెత్తబడి, కవర్ చిల్లులోంచి ఎర్రటి నీళ్ళు కింద పెరుగు గిన్నె మీద పడుతున్నాయి. అమ్మ అరవలేదు. "ఒరే, పసిపిల్ల ఉన్న ఇల్లురా ఇది. ఇదేటి పని?" అంది. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారేసి, సబ్బు నీళ్ళతో ఒకసారి, బ్లీచింగ్ నీళ్ళతో ఒకసారి కడిగాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది అసహ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న ఎలుక పేగుల్లో కూడా సాల్మొనెల్లా, అంటే విరేచనాలు, జ్వరం తెచ్చే బాక్టీరియా, ఉండొచ్చు. గడ్డకట్టిస్తే అది చావదు, నిద్రపోతుంది అంతే. 2014లో అమెరికాలో, 2015 నుంచి బ్రిటన్‌లో గడ్డకట్టిన ఎలుకల వల్లే జనానికి సాల్మొనెల్లా సోకిందని అక్కడి ఆరోగ్య శాఖలు తేల్చాయి. ఐదేళ్ళ లోపు పిల్లలకి, ముసలివాళ్ళకి అది ప్రమాదం. మనుషుల తిండి ఉండే చోటికి ఈ ఎలుకల్ని రానివ్వొద్దని వైద్యులు చెప్పేది అందుకే.

పోనీ గట్టి మూత డబ్బాలో పెట్టి అదే ఫ్రీజర్‌లో ఉంచితే? కవర్ కంటే నయం, ఒప్పుకుంటాను. కానీ ఇంకో చిక్కు ఉంది. ఎలుకలకి కావలసింది మైనస్ 18 డిగ్రీలు. ఒకే తలుపు ఫ్రిజ్‌లో ఆ చల్లదనం నిలకడగా ఉండడం కష్టం. మే నెలలో చల్లనీళ్ళ కోసం ఇంటిల్లిపాదీ తలుపు తీస్తూ వేస్తూ ఉంటారు. చేపనైతే కడిగి పేగులు తీసి పెడతాం. ఎలుక పేగులతో సహా ఉంటుంది కాబట్టి కాస్త మెత్తబడితే చాలు, లోపల్నుంచి కుళ్ళడం మొదలవుతుంది. అలాంటిది తిన్న పాము కక్కేస్తుంది. కక్కిన పాము మళ్ళీ తేరుకోవడానికి వారాలు పడుతుంది.

అందుకే విడిగా చిన్న డీప్ ఫ్రీజర్ కొన్నాను. పైకి మూత తెరుచుకునే రకం. మూత తీసినా చల్లగాలి బరువుకి కిందే ఉంటుంది, నిలువు తలుపుదైతే ముందుకి జారిపోతుంది. డబ్బు ఖర్చు నిజమే, కరెంటు బిల్లూ కొంచెం పెరిగింది. స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేశాను, ఇప్పుడు అమ్మకి టెన్షన్ లేదు.

అయితే డీప్ ఫ్రీజర్ ఉంది కదా అని ఏడాది సరుకు నింపేయడం మన జిల్లాలో తెలివైన పని కాదు. 2014లో హుద్‌హుద్ తుపాను, 2018లో తిత్లీ తుపాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. మూత తీయకుండా ఉంచితే నిండు ఫ్రీజర్ సుమారు 48 గంటలు గడ్డ నిలుపుతుంది, సగం నిండినదైతే 24 గంటలే. మన ఉక్కపోతకి ఇంకొంచెం తగ్గించి లెక్కేసుకోవాలి. మరి రెండు పాములకి సరుకు తక్కువే కదా, ఖాళీ ఎలా నింపాలి? నీళ్ళ సీసాలతో. ముప్పాతిక వంతు నీళ్ళు పోసి ఖాళీ అంతా పేర్చాను. కరెంటు పోయినప్పుడు ఆ ఐసే కాపాడుతుంది.

ప్యాకింగ్‌లోనూ రెండు దారులున్నాయి. గాలి తీసి అతికించే వాక్యూమ్ కవర్‌లో పెద్ద ఎలుకలు బాగుంటాయి. గాలి తగలదు కాబట్టి తోలు ఎండదు, కొవ్వు త్వరగా పాడవదు. కానీ పింకీలు, అంటే బొచ్చు రాని పిల్లలు, ఆ ఒత్తిడికి నలిగిపోతాయి. వాటికి జిప్ కవరే మంచిది, చేత్తో గాలి నొక్కేసి ఇంకో కవర్‌లో పెట్టాలి. ఒకదాని మీద ఒకటి కాకుండా పరిచి గడ్డకట్టిస్తే విడివిడిగా వస్తాయి. తేదీ రాయండి. ఎంత బాగా దాచినా ఆరు నెలలు దాటనివ్వొద్దు.

కరిగించడం గురించి ఒక్క మాట. మైక్రోవేవ్ అసలు వద్దు, ఒకచోట ఉడికి ఒకచోట గడ్డగానే ఉంటుంది, పొట్ట పగులుతుంది కూడా. కవర్‌తోనే చన్నీళ్ళ మగ్గులో కరిగించి, చివర్లో కాసేపు వేడినీళ్ళలో ఉంచుతాను. ఆ మగ్గు వంటింట్లోకి రాదు. ఒకసారి కరిగింది మళ్ళీ ఫ్రీజర్‌లోకి వెళ్ళదు, పాము తినకపోతే గొయ్యి తీసి పాతేస్తాను.

కాబట్టి ఇంట్లో పసిపిల్లలో ముసలివాళ్ళో ఉంటే పాము ఒక్కటే అయినా విడి ఫ్రీజర్ కొనండి. అంత డబ్బు ఇప్పుడు లేదంటే పాము కొనడమే ఇంకో ఏడాది ఆపండి. ఒంటరిగా ఉంటూ, ఫ్రీజర్ అరలో తిండి పెట్టుకోని వాళ్ళకి మాత్రం గట్టి మూత డబ్బాలో నెల సరుకు చాలు, అదీ ఫ్రీజర్ నిలకడగా గడ్డకట్టిస్తుంటేనే.

నేను రెండు నెలల సరుకు మించి ఉంచను. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా, తుపానుల కాలమంతా, నెల సరుకే. ఫ్రీజర్‌లో ఒక గ్లాసు నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టాను. ఊరెళ్ళి వచ్చాక ముందు దాన్నే చూస్తాను. బిళ్ళ పైనే ఉంటే సరే. గ్లాసు అడుక్కి దిగి ఉంటే, మనం లేనప్పుడు అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అప్పుడు ఒక్క ఎలుకనీ పాముకి పెట్టను.