గుర్రం ఉబ్బసానికి గడ్డి ఆవిరి పెట్టె: చాలాకాలం వాడాక చెబుతున్నా

మొయినాబాద్ వైపు శాలలో ఉండే మా బాద్షాకి 14 ఏళ్లు. వానలు వెనకబట్టి కొత్త గడ్డి మోపులు దిగాయంటే దగ్గు మొదలు. ఆపైన ముక్కుపుటాలు విప్పుకుని, డొక్కలెగరేస్తూ నిలబడేవాడు. తీరిగ్గా నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. వీడిది 28 దాకా పోయేది. ఎండోస్కోప్ వేసి, ఊపిరితిత్తులు కడిగిన నీళ్లు పరీక్షకు పంపి, ఉబ్బసమేనని డాక్టరు గారు తేల్చారు. ఎండుగడ్డి దుమ్ము, అందులోని బూజు తగ్గించకుండా ఎన్ని మందులు పోసినా లాభం లేదన్నారు.

మొదట డ్రమ్ములో నానబెట్టాం. పావుగంట, అరగంట మునిగితే దుమ్ము చాలావరకు అణిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. కానీ మన ఎండలకి ఆ గడ్డి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. ఎక్కువసేపు నానితే చక్కెరలు, ఖనిజాలు నీళ్లలోకి దిగిపోతాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది. మిగిలే ఎర్రనీళ్ల కంపు గురించి మా సాయీసు యాదయ్యనే అడగాలి.

అప్పుడు కొన్నాం ఆవిరి పెట్టె. దిగుమతి సరుకు, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అడుగున ఉన్న బోలు మేకులు మోపులోకి దిగి, లోపలినుంచి ఆవిరి వదులుతాయి. గంట అటూఇటూ పడుతుంది. మోపు నడిమధ్యకి పొడుగు థర్మామీటరు గుచ్చితే 100 డిగ్రీల దరిదాపుల్లో చూపించాలి, ఆ వేడికే బూజు, బ్యాక్టీరియా చచ్చేది; ఈ పెట్టెకు పెట్టిన డబ్బంతా అందుకే. బట్టల స్టీమరును ప్లాస్టిక్ ట్రంకుకు తగిలించి సొంతంగా చేసుకునేవాళ్లున్నారు. వేడి పైపైనే తగిలితే బ్యాక్టీరియా చావదు సరికదా, ఆ వెచ్చదనానికి ఇంకా పెరుగుతుంది. మూత తీయగానే గడ్డి కాస్త గోధుమరంగు తిరిగి తియ్యటి వాసన కొడుతుంది. మేత దగ్గర పేచీలు పెట్టే మావాడు అదంతా ఖాళీ చేసేదాకా తల ఎత్తడు.

కొన్ని వారాల్లో దగ్గు సద్దుమణిగింది, పిల్లికూతలు పోయాయి. అయితే ఘనతంతా పెట్టెది కాదు. వరిగడ్డి పరుపు తీసేసి రబ్బరు మ్యాట్ల మీద దుమ్ము తీసిన చెక్కపొట్టు వేశాం. మావాణ్ని బయటికి తోలాకే ఊడుస్తారు. మేత నేలమీదే పెడతాం, తల వంచి తింటే ముక్కులో కఫం జారిపోతుంది. ఇంత చేసినా పక్క గదిలో పొడిగడ్డి దులిపితే సాయంత్రానికి మళ్లీ దగ్గే. ఆ పక్క గుర్రం యజమానిని ఒప్పించడానికి పెట్టె కొనడానికి పట్టినంత కష్టం పట్టింది.

మాస్కుతో ఇచ్చే ఇన్హేలర్లూ దగ్గర పెట్టుకున్నాం. సాల్బుటమాల్ ఊపిరి ఆడేలా చేస్తుంది గానీ లోపలి వాపు తగ్గించదు, దానికి స్టెరాయిడ్ ఇన్హేలరే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో కొన్ని గుర్రాలకి గిట్టల వాపు వచ్చే ప్రమాదం ఉంది, అందుకని మోతాదు డాక్టరుకే వదిలేశాం.

ఎప్పుడో ఒకసారి దగ్గే గుర్రానికి ఈ పెట్టె దండగ, డ్రమ్ము చాలు. ఏడాది పొడుగునా ఎగరొప్పుతో ఉండే గుర్రమైతే కొనండి. మా బోరు నీళ్లు పోస్తే బాయిలర్‌లో సున్నంలా పొర కట్టి ఆవిరి సన్నగిల్లింది, ఇప్పుడు ఆర్వో నీళ్లే పోస్తున్నాం. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచి పెట్టాలి. ఈలోగా మేత వేళ అయిందంటే యాదయ్యకి డ్రమ్మే దిక్కు.