భారత్ గృహ రక్ష పాలసీ: కూకట్‌పల్లి నుంచి ఒక రివ్యూ

భూకంపం కూడా కవరయ్యే ఇంటి బీమా, భారత్ గృహ రక్ష, తీసుకుంటున్నామంటే, "హైదరాబాద్‌లో భూకంపాలేంటి వదినా, ఆ డబ్బు చీటీ కట్టుకోండి" అంది పక్క ఫ్లాట్ సరళ. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది ఇక్కడిదాకా తెలిసింది కదా! 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది 5.7.

భూకంపానికని విడిగా ఏదీ వెతకక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఈ పాలసీలో అగ్నిప్రమాదం, వరదలతో పాటు అదీ కలిసే ఉంటుంది. నాకు నచ్చింది ఇంటికి ఎంతకి బీమా చేయాలో తేల్చే లెక్క. కార్పెట్ ఏరియాని, అంటే బయటి గోడల లోపల వాడుకునే నేల వైశాల్యాన్ని, చదరపు అడుగు కట్టుబడి ఖర్చుతో గుణిస్తారు, స్థలం విలువ చేర్చరు. మా ఏజెంట్ కుర్రాడు మాత్రం ఫ్లాట్ అమ్మకం ధర వేసుకొచ్చాడు. "బాబూ, భూమి కూలదు కదా" అంటే నవ్వి మళ్లీ లెక్క కట్టాడు, ప్రీమియం బాగా తగ్గింది. ఇంటికి బీమా చేసిన మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకీ దానంతటదే వర్తిస్తుంది. నగలకి మాత్రం అదనపు కవర్ అడగాలి. శిథిలాలు తీయించే ఖర్చు క్లెయిమ్‌లో 2 శాతం వరకే ఇస్తారు, అది నాకు చాలా తక్కువనిపించింది.

పాలసీ వచ్చాక బీరువాని గోడకి క్లాంపులు వేయించాం, మంచం పైనున్న అటక ఖాళీ చేశాం. ఊగితే లిఫ్ట్ ఎక్కొద్దని, బల్ల కింద దూరమని మనవడికి నేర్పించా. వాడిప్పుడు హోంవర్క్ అన్నా దూరుతున్నాడు.

ఐదుకి నాలుగు స్టార్లు. కాగితాలన్నీ ఇంగ్లిష్‌లోనే చేతిలో పెట్టినందుకు ఒకటి కోత.